ప్రేక్షకులు కూడా డైలాగు చెప్పే నాటకం: బ్రిటన్ ఊళ్ళలో పాంటో ఎలా నడుస్తుంది?

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏటా రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి. సెప్టెంబర్‌లో ఒకటి: "మా ఊరి డ్రామా గ్రూప్ వాళ్ళు సిండ్రెల్లా వేస్తున్నారు, మా పాపని కోరస్‌లో తీసుకుంటామంటున్నారు, దానికి కౌన్సిల్ లైసెన్స్ కావాలట, ఇదేమన్నా సినిమానా?" డిసెంబర్‌లో ఇంకోటి: "స్కూల్ వాళ్ళు పిల్లల్ని పాంటోమైమ్‌కి తీసుకెళ్తున్నారు, మాటలు లేని ఆటని అంతసేపు చూస్తారా?" రెండో ప్రశ్న వేసినవాళ్ళు పిల్లలతో కలిసి హాల్లో కూర్చుంటే మొదటి అయిదు నిమిషాల్లోనే చెవులు మూసుకుంటారు, ఎందుకంటే స్టేజీ మీద కన్నా సీట్లలోంచే ఎక్కువ అరుపులు వినిపిస్తాయి.

నేను ఇక్కడ చెప్పాలనుకున్నది ఆ అరుపుల గురించే. పై రెండు ప్రశ్నలూ పాంటో అని పిలిచే ఈ పాంటోమైమ్ గురించే. ఇందులో ప్రేక్షకులకి కూడా వేషం ఉంది, వాళ్ళకీ డైలాగులు ఉన్నాయి, అవి అందరికీ ముందే తెలుసు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే వేషాలు ఎవరు కట్టాలి, కథ ఎందుకు మారదు, ఊరి నాటక సమాజాలు దీన్ని ఎందుకు వదలవు, గొడవలు ఎక్కడొస్తాయి అన్నవన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

ముందు ఆట ఏమిటో చూద్దాం

పాంటోమైమ్‌ని ఇక్కడ అందరూ పాంటో అనే అంటారు. క్రిస్మస్ రోజుల్లో వేసే కుటుంబ నాటకం. కథలు ఓ పదో పన్నెండో, అవే తిరిగి తిరిగి వస్తాయి: సిండ్రెల్లా, అల్లాద్దీన్, జాక్ అండ్ ది బీన్‌స్టాక్, డిక్ విట్టింగ్టన్, స్లీపింగ్ బ్యూటీ, మదర్ గూస్. వీటిలో డిక్ విట్టింగ్టన్‌కి నిజం మనిషి ఉన్నాడు. లండన్ మేయర్‌గా పనిచేసి 1423లో చనిపోయిన రిచర్డ్ విట్టింగ్టన్ అతను, పిల్లి మాత్రం కథలోకి తర్వాత వచ్చి చేరింది.

కథ ఏదైనా మనుషులు దాదాపు ఒకటే. డేమ్ అంటే మగవాడు కట్టే నడివయసు ఆడ వేషం, ఎక్కువగా హీరో తల్లి. ప్రిన్సిపల్ బాయ్ అంటే హీరో, పాత పద్ధతిలో ఆ వేషం అమ్మాయి వేస్తుంది. ప్రిన్సిపల్ గర్ల్ హీరోయిన్. పిల్లలతో నేరుగా మాట్లాడుతూ వాళ్ళకి దోస్తు అయిపోయే హాస్యగాడు ఒకడుంటాడు, సిండ్రెల్లాలో అయితే అతని పేరు బటన్స్. ఒక మంచి దేవకన్య, ఒక విలన్, ఇద్దరు మనుషులు ముందొకరు వెనకొకరు దూరి నడిపించే ఆవో గుర్రమో. విలన్ ఎడమవైపు నుంచే వస్తాడు, దేవకన్య కుడివైపు నుంచి వస్తుంది. ఈ కుడి ఎడమలు నటులవి, అంటే మనం కూర్చున్న చోటు నుంచి చూస్తే తిరగబడతాయి. స్వర్గం ఒకవైపు నరకం ఒకవైపు ఉన్న పాత మతనాటకాల అలవాటు ఇలా మిగిలిందని చెప్తారు. దీంతో ఉపయోగం కూడా ఉంది: నాలుగేళ్ళ పిల్లకి కూడా రెండోసారి ఆ వైపు లైటు పచ్చగా మారగానే ఎవరొస్తున్నారో తెలిసిపోతుంది, ఆ పిల్ల బూ కొట్టడానికి ఊపిరి బిగబట్టి ఉంటుంది.

ప్రేక్షకుల డైలాగులు మూడు నాలుగే. విలన్ వస్తే బూ. ఎవరైనా "ఓ నో ఇట్ ఈజింట్" అంటే హాలంతా "ఓ యస్ ఇట్ ఈజ్" అనాలి, ఆగేదాకా అంటూనే ఉండాలి. వెనకాల ఎవరో నక్కితే "హీ ఈజ్ బిహైండ్ యూ". హాస్యగాడు మొదట్లోనే పిల్లలకి ఒక పిలుపు నేర్పుతాడు, అతను స్టేజీ మీదకి వచ్చిన ప్రతిసారీ దానికి జవాబివ్వాలి. అంతే. ఎవరూ కాగితం మీద రాసివ్వరు, తాతలు మనవలకి పక్క సీట్లోంచి నేర్పుతారు.

బెంచీ మీద దెయ్యం: ఒక సీను విప్పి చూస్తే

ప్రేక్షకుల వంతు ఎంత కచ్చితంగా అమరి ఉంటుందో తెలియాలంటే ఈ ఒక్క సీను చాలు. డేమ్, హాస్యగాడు, ఇంకో ఇద్దరు చీకటి అడవిలో తప్పిపోయి బెంచీ మీద వరసగా కూర్చుంటారు. భయం పోవడానికి పాట పాడుకుందాం అంటారు. "ఏదైనా వస్తే మీరు అరిచి చెప్తారు కదా?" అని పిల్లల్ని అడుగుతారు. పాట మొదలవుతుంది, వెనక నుంచి దుప్పటి కప్పుకున్న దెయ్యం వస్తుంది. హాలు దద్దరిల్లుతుంది. వీళ్ళు "ఎక్కడా?" అంటూ లేచి బెంచీ చుట్టూ ఒకవైపుకి తిరుగుతారు, దెయ్యం వాళ్ళ వెనకాలే అదే వైపుకి తిరుగుతుంది, ఎవరికీ ఏమీ కనపడదు. మళ్ళీ కూర్చుంటారు. ఈసారి దెయ్యం చివర ఉన్న మనిషి భుజం తడుతుంది, అతను చూసి కేక పెట్టి పారిపోతాడు. మిగిలినవాళ్ళు "వాడేడి?" అనుకుని మళ్ళీ పాట. ఒక్కొక్కరే తగ్గి ఆఖరికి డేమ్ ఒక్కర్తే మిగులుతుంది. దెయ్యం భుజం తడుతుంది, డేమ్ తిరిగి చూస్తుంది, ఆమె మొహం చూసి దెయ్యమే కెవ్వుమని పారిపోతుంది.

కాగితం మీద ఇది ఒకటిన్నర పేజీ కూడా ఉండదు. స్టేజీ మీద ఎంతసేపు నడుస్తుందన్నది పిల్లల గొంతుల్ని బట్టి ఉంటుంది. రిహార్సల్లో ఖాళీ హాలు ముందు దీన్ని చేయడం చాలా కష్టం, అందుకే సమాజంలో ఆ పూట ఖాళీగా ఉన్నవాళ్ళందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి అరవమంటారు. నటుడు నేర్చుకోవాల్సింది ఆగడం. అరుపు పైకి లేచేటప్పుడు మాట్లాడకూడదు, అది పూర్తిగా తగ్గేదాకా ఆగితే ఊపు పోతుంది, తగ్గడం మొదలైన ఆ క్షణంలో తర్వాతి మాట అందుకోవాలి. ఏళ్ళ తరబడి సీరియస్ నాటకాలు వేసినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ప్రేక్షకులు లేనట్టు నటించడమే వాళ్ళకి అలవాటు.

మాటలు లేని ఆట అరుపుల ఆటగా ఎలా మారింది

పాంటోమైమ్ అంటే మూకాభినయం అనుకోవడంలో పూర్తి పొరపాటేమీ లేదు, మొదట్లో ఇది నిజంగానే మాటలు తక్కువ ఉన్న ఆట. ఇటలీ నుంచి వచ్చిన కొమెడియా దెల్లార్తె అనే హాస్యనాటకాల పాత్రలు, అంటే హార్లెక్విన్, కొలంబైన్, పాంటలూన్ లాంటివాళ్ళు, 18వ శతాబ్దం మొదట్లో లండన్ స్టేజీ ఎక్కారు. 1717 నుంచి లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ థియేటర్‌లో జాన్ రిచ్ అనే మేనేజరే హార్లెక్విన్ వేషం కట్టి, మాట లేకుండా ఆటా గెంతూ మాయలతో జనాన్ని లాగేశాడు. తర్వాత చట్టం కూడా దీనికి తోడైంది. 1737 లైసెన్సింగ్ చట్టంతో మాటల నాటకం వేసే హక్కు లండన్‌లో రాజు అనుమతి ఉన్న థియేటర్లకే మిగిలింది, మిగతావాళ్ళు పాటా నాట్యం అభినయంతో నెట్టుకురావాల్సి వచ్చింది. 1843 థియేటర్ల చట్టంతో ఆ గుత్తాధిపత్యం పోయింది, అప్పుడు పాంటోలోకి మాటలూ ప్రాసలూ శ్లేషలూ వరదలా వచ్చిపడ్డాయి.

ఈ మధ్యలో ఒక మనిషి గురించి చెప్పకపోతే కథ పూర్తి కాదు. జోసెఫ్ గ్రిమాల్డి, 1778లో పుట్టి 1837లో పోయాడు. 1806లో కోవెంట్ గార్డెన్‌లో మదర్ గూస్ పాంటోతో క్లౌన్ వేషాన్ని ఆట మధ్యలోకి తెచ్చిపెట్టాడు. అతను పాడే ఒక పాటలో వేడి వేడి ఆపిల్ పళ్ళు అమ్ముకునే ముసలమ్మ ఉంటుంది, ఆవిడ ఏం తాగిందో చెప్పే చోట గ్రిమాల్డి మాట మింగేసి ఆగిపోయేవాడు, హాలంతా "జిన్!" అని అరిచేది, అతను సిగ్గులేదూ అన్నట్టు వాళ్ళనే మందలించేవాడు. రెండొందల ఏళ్ళ కిందటే ప్రేక్షకులకి ఖాళీ వదిలిపెట్టి వాళ్ళచేత పూరింపజేసిన పద్ధతి ఇది. ఇవాళ ఊరి హాల్లో జరిగేది దీని కొనసాగింపే.

తర్వాత చాలా వరకు విక్టోరియన్లు అమర్చిందే. హెచ్.జె. బైరన్ అనే రచయిత 1860లో సిండ్రెల్లాకి, 1861లో అల్లాద్దీన్‌కి రాసిన వెర్షన్ల నుంచే బటన్స్, అల్లాద్దీన్ తల్లి విడో ట్వాంకీ లాంటి పాత్రలు వచ్చాయి. ట్వాంకీ అన్నది అప్పట్లో చైనా నుంచి వచ్చే ఒక టీ రకం పేరు. 1879 నుంచి డ్రూరీ లేన్ థియేటర్ నడిపిన ఆగస్టస్ హారిస్ పెద్ద పెద్ద సెట్టింగులతో పాటు మ్యూజిక్ హాల్ (పాటలూ హాస్యం కలిసిన అప్పటి వినోద ప్రదర్శనలు) స్టార్లని తెచ్చిపెట్టాడు, వాళ్ళలో డాన్ లీనో డేమ్ వేషానికి ఇప్పుడున్న రూపం ఇచ్చాడు. టీవీ స్టార్లని పాంటోలో పెట్టి టికెట్లు అమ్ముతున్నారని ఇప్పుడు విసుక్కునేవాళ్ళున్నారు కానీ, ఆ పని అప్పుడే మొదలైంది.

మగవాడు అమ్మ, అమ్మాయి హీరో: ఎందుకిలా?

తెలుగువాళ్ళకి మగవాళ్ళు ఆడ వేషం కట్టడం కొత్తేమీ కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే ఎదురుగా ఉన్నది మగవాడన్న సంగతే జనం మర్చిపోయేవారు, ఆ మర్చిపోవడమే ఆయన కళ. డేమ్ దీనికి సరిగ్గా ఎదురు. బుగ్గల మీద గుండ్రటి ఎరుపు, తలమీద గోపురమంత విగ్గు, సీనుకో గౌను, ఇవన్నీ కట్టినా గొంతు మగవాడిదే, నడక మగవాడిదే, కింద బూట్లు కూడా కనపడొచ్చు. లోపల ఉన్నది ఊళ్ళో ప్లంబరో, పిల్లల మాథ్స్ టీచరో అని ప్రేక్షకులు ఒక్క నిమిషం కూడా మర్చిపోకూడదు. మర్చిపోతే నవ్వు రాదు.

ప్రిన్సిపల్ బాయ్ పుట్టుక వేరు. విక్టోరియన్ కాలంలో గౌను కింద కాలి మడమ కనపడటమే పెద్ద విషయం, మగ వేషం అయితే టైట్స్ వేసుకోవచ్చు, కాళ్ళు కనపడతాయి, టికెట్లు అమ్ముడవుతాయి. దాని వెనక ఉన్న చూపు అంత గొప్పదేమీ కాదు. అయినా ఆ వేషం వేసిన నటీమణులకి స్టేజీ మీద నడుముకి చేతులు పెట్టుకుని నిలబడే, తొడ చరిచి సవాలు చేసే అవకాశం దొరికింది, అది వాళ్ళకి వేరే నాటకాల్లో దొరికేది కాదు. 1950ల నుంచి పెద్ద థియేటర్లలో ఈ వేషం మగ పాప్ స్టార్లకీ కమెడియన్లకీ పోతూ వచ్చింది. ఊరి సమాజాల్లో మాత్రం ఇంకా చాలాచోట్ల అమ్మాయిలే వేస్తారు. దానికి సంప్రదాయ ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఆడిషన్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే ఉంటారు, ఉన్న ఒకరిద్దరు మగవాళ్ళు డేమ్‌కీ విలన్‌కీ సరిపోతారు.

ఊరి సమాజం వేస్తే ఏం మారుతుంది

ఔత్సాహిక సమాజం అంటే జీతం లేనివాళ్ళు. పగలు ఉద్యోగం, వారానికి రెండు సాయంత్రాలు రిహార్సల్. ఇలాంటి సమాజాలకి 1899లో మొదలైన నోడా అనే జాతీయ సంఘం ఉంది, అది స్క్రిప్టులు లైసెన్సుకిస్తుంది, దాని ప్రాంతీయ ప్రతినిధులు ప్రదర్శనలు చూసి రిపోర్టు రాస్తారు.

ఔత్సాహిక పాంటోల్లో చరిత్రకెక్కినవి విండ్సర్ కోటలో జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రాకుమార్తెలు ఎలిజబెత్, మార్గరెట్ ఆ ఊరి స్కూలు పిల్లలతో, బాంబుల భయంతో లండన్ నుంచి పంపించేసిన పిల్లలతో కలిసి 1941 నుంచి 1944 దాకా ఏటా ఒక పాంటో వేశారు. సైనికుల కోసం ఉన్ని కొనడానికి నిధి పోగుచెయ్యాలన్నది ఉద్దేశం. స్క్రిప్టు రాసింది అక్కడి స్కూలు హెడ్మాస్టరు. వాటర్లూ చాంబర్‌లోని పెద్ద పెద్ద రాజచిత్రాల్ని భద్రత కోసం తీసేస్తే, ఆ ఖాళీల్లో ఒక కుర్ర చిత్రకళా విద్యార్థి వేసిన పాంటో పాత్రల బొమ్మలు పెట్టారు. 1941 సిండ్రెల్లాలో మార్గరెట్ సిండ్రెల్లా, ఎలిజబెత్ రాకుమారుడు. 1943లో అల్లాద్దీన్ వేషం కూడా ఎలిజబెత్‌దే, అప్పుడు ఆమెకి 17 ఏళ్ళు, చూడటానికి వచ్చినవాళ్ళలో తర్వాత ఆమె భర్త అయిన ఫిలిప్ కూడా ఉన్నాడు. కాబోయే రాణి కూడా ప్రిన్సిపల్ బాయ్ వేషమే కట్టిందంటే ఈ పద్ధతి ఎంతగా ఇంకిపోయిందో తెలుస్తుంది.

మామూలు ఊరికి వద్దాం. పెద్ద థియేటర్లు నవంబర్ చివర్లో మొదలుపెడితే ఊరి సమాజాలు చాలావరకు జనవరి, ఫిబ్రవరిల్లో వేస్తాయి. డిసెంబర్‌లో హాళ్ళు పార్టీలకి బుక్ అయిపోతాయి, నటులకీ ఇళ్ళలో పండగ ఉంటుంది, పైగా పెద్ద థియేటర్‌తో పోటీ ఎందుకు? విలేజ్ హాల్ స్టేజీకి పైన తెరలు ఎత్తి దాచే ఎత్తు ఉండదు, పక్కల్లో జాగా ఉండదు. అక్కడే పాంటో కట్టుబడి ఎంత తెలివైనదో తెలుస్తుంది. ఒక సీను స్టేజీ మొత్తం వాడితే, తర్వాతి సీను ముందు తెర ఎదుట నడుస్తుంది, ఆ తెర వెనకాల చప్పుడు చెయ్యకుండా అడవిని తీసి రాజభవనం నిలబెడతారు. ఆఖర్న హాస్యగాడు పిల్లల్ని స్టేజీ మీదకి పిలిచి, సాహిత్యం రాసిన పెద్ద గుడ్డ దించి, హాలుని రెండు భాగాలు చేసి పాట పాడించే పోటీ ఒకటుంటుంది. చూసేవాళ్ళకి అది సరదా. వెనకాల ఆ అయిదారు నిమిషాల్లోనే అందరూ పెళ్ళి బట్టల్లోకి మారిపోతుంటారు, డేమ్ ఒక గౌను లోంచి ఇంకో గౌనులోకి దూరుతుంటే ఇద్దరు వెనక వెల్క్రోలు లాగుతుంటారు, ఒకరు విగ్గు పట్టుకుని నిలబడతారు. బట్టలు అందకపోతే హాస్యగాడికి సైగ చేస్తారు, అతను పిల్లలచేత ఇంకోసారి పాడిస్తాడు. అంటే ప్రేక్షకులు తెలియకుండానే సెట్టింగు మార్చడానికి టైమిస్తున్నారు.

ఊరి పాంటోకి ఉన్న అసలు బలం మాత్రం పరిచయం. విలన్‌కి బూ కొడుతున్న పిల్లకి ఆయన తన డెంటిస్టు అని తెలుసు. జోకుల్లో పక్క ఊరు, మెయిన్ రోడ్డు గుంతలు, కౌన్సిల్ చెత్త డబ్బాలు తప్పకుండా వస్తాయి. ఎంత డబ్బు పోసినా పెద్ద థియేటర్ దీన్ని తేలేదు.

డబ్బు సంగతి

సీరియస్ నాటకాలంటే ప్రాణం పెట్టే సమాజాలు కూడా పాంటోని వదలకపోవడానికి లెక్క ఒకటుంది. ఇది ఊహించుకున్న లెక్క, ఏ ఒక్క సమాజానిదీ కాదు. 120 సీట్ల హాలు, 5 ప్రదర్శనలు, అంటే 600 సీట్లు. ముప్పావు వంతు నిండితే 450 టికెట్లు, పిల్లలకీ పెద్దలకీ కలిపి సగటున 8 పౌండ్లు, మొత్తం 3,600. ఖర్చులు: హాలు అద్దె 1,000, స్క్రిప్టు రుసుము ప్రదర్శనకి 80 చొప్పున 400, పాటల లైసెన్సు 150, బట్టల అద్దె 500, చెక్క, రంగులు, లైట్లకి 600, బీమా, పోస్టర్లకి 250. కలిపితే 2,900. మిగులు 700. విరామంలో ఐస్‌క్రీమ్, టీ, లక్కీ డ్రా మీద ఇంకో 400 వస్తే 1,100. ఇప్పుడు అదే సమాజం మే నెలలో పెద్దల నాటకం ఒకటి మూడు రాత్రులు వేసిందనుకోండి, రాత్రికి 50 మంది వస్తే వచ్చేది 1,200, ఖర్చు 1,800, నష్టం 600. పాంటో మిగులే దాన్ని మోస్తుంది. పాంటో మానేద్దాం అని కమిటీ మీటింగులో ఎవరైనా అంటే కోశాధికారి ఈ లెక్కే చదువుతారు.

కథ అందరిదీ, స్క్రిప్టు ఒకరిది

చాలామంది తికమకపడే చోటు ఇది. సిండ్రెల్లా కథ ఎవరిదీ కాదు, ఎవరైనా వేసుకోవచ్చు. కానీ ఆ కథ మీద ఒక రచయిత రాసిన స్క్రిప్టు ఆయనదే, బ్రిటన్‌లో కాపీరైట్ రచయిత చనిపోయాక 70 ఏళ్ళు ఉంటుంది. స్క్రిప్టు పుస్తకం కొనుక్కున్నంత మాత్రాన ప్రదర్శించే హక్కు రాదు, ప్రదర్శనకింత అని రుసుము కట్టాలి. అలాగే డిస్నీ సినిమాకి వాళ్ళు కొత్తగా కల్పించిన పాత్రలు, పాటలు వాళ్ళవే. అల్లాద్దీన్ వెయ్యొచ్చు, సినిమాలో పాట పెట్టడానికి మాత్రం విడిగా అనుమతి కావాలి. ఆల్బమ్‌లోంచి తీసుకున్న విడి పాటలకి పి.ఆర్.ఎస్. అనే సంస్థ లైసెన్సులు చూస్తుంది. చాలా సమాజాలకి ఇక్కడే టెన్షన్, పాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకోకుండా రిహార్సల్ మొదలుపెట్టేసి డిసెంబర్‌లో పాట మార్చుకోవాల్సి వస్తుంది.

హాలుకి అనుమతి కావాలా అన్న భయం మాత్రం చాలావరకు అక్కర్లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2013 నుంచి 500 మంది లోపు ప్రేక్షకులతో ఉదయం 8 నుంచి రాత్రి 11 లోపు వేసే నాటకానికి వినోద లైసెన్సు అవసరం లేదు. విరామంలో వైన్ అమ్మాలంటే, హాలుకి మద్యం అమ్మే లైసెన్సు లేకపోతే, 21 పౌండ్లు కట్టి కౌన్సిల్‌కి తాత్కాలిక నోటీసు ఇవ్వాలి.

మా పాపకి లైసెన్సు ఎందుకు?

ఇది సినిమా పిల్లలకే అనుకుంటారు. కాదు. 1963 నాటి చట్టం ప్రకారం టికెట్ పెట్టిన ప్రదర్శనలో స్కూలు వయసు పిల్లలు పాల్గొంటే, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, లోకల్ కౌన్సిల్ లైసెన్సు ప్రశ్న వస్తుంది. ఇంగ్లండ్‌లో దీని వివరాలు 2014 నిబంధనల్లో ఉన్నాయి. పిల్లల చదువు, విశ్రాంతి, భద్రత ఇందులో చూస్తారు.

మినహాయింపులు ముఖ్యం. ఒక పిల్ల గత ఆరు నెలల్లో ఇలాంటి ప్రదర్శనల్లో మూడు రోజులకి మించి పాల్గొనకపోతే ఆ రోజు ప్రదర్శనకి లైసెన్సు అక్కర్లేదు, దీన్నే నాలుగు రోజుల రూల్ అంటారు. లెక్కించేది రోజుల్ని, ఆటల్ని కాదు. ఉదాహరణకి పాంటో బుధ, గురు, శుక్ర, శనివారాల్లో ఉంది, శనివారం రెండు ఆటలు. మొత్తం అయిదు ఆటలైనా నాలుగు రోజులే, వేరే ఏ ప్రదర్శనా చేయని పిల్లకి లైసెన్సు లేకుండా సరిపోతుంది. ఇప్పుడు ఆ పిల్లే నవంబర్‌లో తన డాన్స్ క్లాసు వాళ్ళు టికెట్ పెట్టి చేసిన షోలో రెండు రోజులు ఆడిందనుకోండి. బుధవారం నాటికి అంతకుముందు రెండు రోజులు, పర్వాలేదు. గురువారం నాటికి మూడు, ఇంకా పర్వాలేదు. శుక్రవారం నాటికి నాలుగయ్యాయి, లైసెన్సు లేకుండా స్టేజీ ఎక్కకూడదు. అందుకే ఆడిషన్ ఫారంలో మిగతా షోల తేదీలు అంతగా గుచ్చి గుచ్చి అడుగుతారు, మన పిల్లలు డాన్స్ క్లాసులూ సంగీతం ప్రోగ్రాములూ చేస్తుంటారు కాబట్టి ఆ తేదీలు దాచకుండా రాయడం మంచిది.

ఇంకో దారి ఉంది. కౌన్సిల్ ఆ సమాజానికే ఒకేసారి అనుమతి ఇవ్వొచ్చు, పిల్లలకి డబ్బు ఇవ్వకూడదన్న షరతు మీద. అప్పుడు పిల్ల పిల్లకీ విడి లైసెన్సు అవసరం ఉండదు. లైసెన్సుతో గానీ సమాజం అనుమతితో గానీ పిల్లల్ని ఎక్కిస్తే, తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు కౌన్సిల్ ఆమోదించిన షాపరోన్ (పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యులు) ఉండాలి, ఒకరికి 12 మందికి మించి పిల్లల్ని అప్పగించకూడదు. తల్లి తన సొంత పిల్లని చూసుకోవచ్చు కానీ పక్కింటి పిల్లని కూడా నేనే చూస్తాను అంటే కుదరదు. ఇందులో అనుమానించారని బాధపడాల్సింది ఏమీ లేదు.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

2024లో బ్రిటన్ యునెస్కో అమూర్త వారసత్వ (అంటే కట్టడాలు కాకుండా కళలు, ఆచారాల లాంటివాటి) ఒప్పందంలో చేరింది, అప్పుడు కాపాడుకోవాల్సిన వాటి గురించి మాట్లాడుతూ పాంటో పేరు కూడా ఎత్తారు. వారసత్వం అనగానే పాతదంతా అలాగే ఉంచాలా అన్న ప్రశ్న వస్తుంది.

అన్నిటికన్నా వేడి ఉన్నది అల్లాద్దీన్ మీద. 18వ శతాబ్దం మొదట్లో ఆంత్వాన్ గలాన్ ఫ్రెంచిలో అచ్చువేసిన కథలో, సిరియా నుంచి వచ్చిన హన్నా దియాబ్ అతనికి చెప్పిన కథ అది, అల్లాద్దీన్ చైనాలోనే ఉంటాడు. విక్టోరియన్లు దాన్ని పట్టుకుని పెకింగ్ లాండ్రీ, విషీ వాషీ లాంటి పేర్లు, కళ్ళు సాగదీసే మేకప్ కలిపారు. తూర్పు ఆసియా మూలాలున్న బ్రిటిష్ నటులు ఇది తమని వెక్కిరించడమే అంటారు, స్కూల్లో పిల్లలు తర్వాత వారమంతా ఆ వెక్కిరింపునే వాడతారని కూడా. ఇది ఎక్కడా లేని ఊహాలోకం, ఎవరినీ ఉద్దేశించింది కాదు, ముట్టుకుంటే ఆట పోతుంది అంటారు పాతవాళ్ళు. నాకు మొదటివాళ్ళ మాటే బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే దీపం, గుహ, జీనీ, డేమ్ ఉంటే చాలు, మేకప్ తీసేసినా కథకి ఏ లోటూ రాదు. ఇప్పటికే చాలామంది కథని ఊహానగరానికి మార్చి పేర్లు మార్చేశారు. ఊరి సమాజానికి ఇందులో ఒక చిక్కు ఉంది: లైసెన్సు తీసుకున్న స్క్రిప్టులో రచయిత అనుమతి లేకుండా మాటలు మార్చకూడదు, కాబట్టి మార్చాలనుకుంటే ముందే రాసి అడగాలి, లేదా మార్చిన స్క్రిప్టే ఎంచుకోవాలి.

డేమ్ మీద రెండు వాదనలూ బలమైనవే. వయసు మళ్ళిన ఆడదాని శరీరాన్ని, మగవాడి కోసం ఆమె తహతహని నవ్వులాటగా చేయడం ఏం బాగుందని ఒకరు అడుగుతారు. ఆ ముసలమ్మ అప్పులవాళ్ళనీ రాజునీ ఎదిరించి కొడుకుని కాపాడుకునే తల్లి, ఆటలో పిల్లలకి అందరికన్నా ఇష్టమైనది ఆమే అని ఇంకొకరు చెప్తారు. ఇయాన్ మెకెలెన్ లాంటి నటుడు 2004లో ఓల్డ్ విక్‌లో విడో ట్వాంకీ కట్టాడంటే ఆ వేషంలో నటుడికి ఎంత పని ఉందో ఊహించవచ్చు. నిజానికి చాలా వరకు తేడా స్క్రిప్టులో ఉంటుంది: డేమ్ తన మీద తానే జోకు వేసుకుంటుందా, లేక స్టేజీ మీద ఉన్న మిగతా ఆడవాళ్ళ మీద వేస్తుందా అన్నదాన్ని బట్టి హాల్లో నవ్వు మారిపోతుంది. ఈమధ్య ఆడవాళ్ళే డేమ్ వేస్తున్న సమాజాలు కూడా ఉన్నాయి.

ద్వంద్వార్థాల మాట కూడా ఇలాంటిదే. పిల్లలకి ఒక అర్థం, పెద్దలకి ఇంకో అర్థం వచ్చే జోకు పాంటోకి ప్రాణం అని కొందరు, కుటుంబ నాటకం అని టికెట్ అమ్మి ఇదేమిటని కొందరు. ఊళ్ళలో దీనికి హద్దు చట్టంతో కాదు, పరిచయంతో పడుతుంది. ముందు వరసలో కూర్చునేది రేపు షాపులో ఎదురయ్యే మనుషులు.

ఇక చీకటి హాలు, ఒక్కసారిగా వచ్చే చప్పుళ్ళు, ఆటిజం ఉన్న పిల్లలకి తట్టుకోలేనివి కావచ్చు. దీనికోసం రిలాక్స్డ్ పర్ఫార్మెన్స్ అని ఒక ఆట పెడుతున్నారు. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు, పిల్లలు మధ్యలో లేచి తిరగొచ్చు, బయటికి పోయి మళ్ళీ రావొచ్చు. కొన్నిచోట్ల మొదలయ్యే ముందు విలన్ ముందుకొచ్చి తన పేరు చెప్పి, నేను కాసేపు కోపంగా నటిస్తాను, మీరు బూ కొట్టొచ్చు అని చెప్తాడు. బూ కొట్టకుండా చెవులు మూసుకుని చూసినా ఎవరూ ఏమీ అనరు. మీ ఊరి సమాజం ఈ ఆట పెడుతోందా అన్నది పోస్టర్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేకపోతే టికెట్ బుక్ చేసేటప్పుడు అడగొచ్చు.